శ్రీ విజయపురం – రంగత్ – శిబ్‌పూర్: ఆకాశంలో ఎంత దూరం, నేలపై ఎంత సమయం?

అండమాన్ దీవుల రాజధాని శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) విమానాశ్రయం నుంచి ఉత్తర అండమాన్‌లోని శిబ్‌పూర్ వైమానిక స్థావరానికి గగనతల దూరం సుమారు 180 కిలోమీటర్లు, అంటే దాదాపు 97 నాటికల్ మైళ్లు. ఈ రెండింటికీ దాదాపు మధ్యన, మధ్య అండమాన్ దీవి తూర్పు తీరంలో ఉన్న రంగత్ పట్టణం రాజధానికి 100 కిలోమీటర్ల లోపే ఉంటుంది. అయితే రంగత్‌కు విమానాశ్రయం లేదు.

గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే టర్బోప్రాప్ విమానం 180 కిలోమీటర్లను లెక్క ప్రకారం 22 నిమిషాల్లో దాటుతుంది. ఎక్కడానికి, దిగడానికి పట్టే సమయం కలిపితే అరగంట పైచిలుకు. దూరాలను లెక్కించే వెబ్‌సైట్లు చూపేది ఇలాంటి అంకెలనే. రన్‌వే సంగతి వాటికి పట్టదు. రాజధానిలోని వీర్ సావర్కర్ విమానాశ్రయ రన్‌వే పొడవు 3,290 మీటర్లు. 2019 జనవరి 24న ఐఎన్ఎస్ కొహస్సా పేరుతో నౌకాదళంలో చేరిన శిబ్‌పూర్ రన్‌వే పొడవు అప్పటికి సుమారు 1,000 మీటర్లే. దానిని 3,000 మీటర్లకు పొడిగించాలన్నది ప్రణాళిక. ఇది ప్రధానంగా సైనిక అవసరాల కోసం ఏర్పడిన స్థావరమని గుర్తుంచుకోవాలి.

అందుచేత ఉత్తర దీవులవాసులకు ఆకాశమార్గమంటే ముఖ్యంగా హెలికాప్టరే. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో రంగత్‌కు సుమారు 25 నిమిషాలు, శిబ్‌పూర్‌కు 45 నిమిషాలు పడుతుంది. సీట్లు కొద్ది. అత్యవసర రోగుల తరలింపునకూ ఈ సేవే ఆధారం. 2010 డిసెంబరులో ‘జల్ హన్స్’ పేరిట సీప్లేన్ సేవ మొదలైనా, అది నిలకడగా కొనసాగలేదు.

రోడ్డు మీద లెక్క పూర్తిగా మారుతుంది. అండమాన్ ట్రంక్ రోడ్డుపై రాజధాని నుంచి రంగత్‌కు సుమారు 170 కిలోమీటర్లు, డిగ్లీపూర్‌కు సుమారు 290 కిలోమీటర్లు. రంగత్ చేరడానికి సాధారణంగా ఆరేడు గంటలు పడుతుంది. ఆలస్యానికి కారణం దూరం ఒక్కటే కాదు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు రోడ్డు జారవా ఆదిమ తెగ అభయారణ్యం గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో పోలీసు రక్షణతో బారులు తీరి మాత్రమే కదలాలి. మధ్యలో ఆగడం, ఫొటోలు తీయడం నిషిద్ధం. బయటి జనంతో సంపర్కం వల్ల జారవాలకు కలిగే ముప్పు దృష్ట్యా ఈ భాగాన్ని మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా, రాకపోకలు కొనసాగుతూనే ఉన్నాయి. రోడ్డు ఆగితే రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ ప్రజలకు మిగిలేది సముద్రమే. చిక్కంతా ఇక్కడే ఉంది.

అడవి దాటాక మిడిల్ స్ట్రెయిట్ వద్ద వాహనాలను పంటుపై బారాటాంగ్ దీవికి చేర్చాలి. ఆ దీవి దాటాక గాంధీ ఘాట్ నుంచి ఉత్తరాకు గతంలో మరో పంటు ఎక్కాల్సి వచ్చేది. అక్కడినుంచి కదమ్‌తలా మీదుగా రంగత్ చేరతారు. ఓడలో వచ్చేవారు రంగత్ బే జెట్టీలో దిగుతారు. సముద్రమార్గం సుమారు 90 కిలోమీటర్లే అయినా వర్షాకాలంలో ప్రయాణం వాతావరణం దయపై ఆధారపడుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుంచి రాజధానికి గగనతల దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. విమానంలో ఆ దూరం దాటిన సమయానికి మూడింతలు, ఆ తర్వాతి 170 కిలోమీటర్ల రోడ్డుకు కేటాయించుకోవలసి ఉంటుంది. జిర్కాటాంగ్‌లో ఆ రోజు చివరి కాన్వాయ్ తప్పితే ప్రయాణం మరునాటికి వాయిదా పడుతుంది. కనుక రంగత్ వెళ్లేవారు తెల్లవారకముందే బయలుదేరతారు.