టిబెట్ ఖడ్గాల కాల నిర్ణయం

టిబెట్ ఖడ్గాల కాల నిర్ణయం అనగా టిబెట్‌లో తయారైన పాత కత్తుల వయస్సును వాటి లోహము, పనితనము, అలంకరణల ఆధారంగా అంచనా వేయుట. టిబెటన్ భాషలో ఖడ్గాన్ని "రల్ గ్రి" అని వ్రాస్తారు. వీటిలో చాలావాటిపై తేదీ గాని, చేసిన కమ్మరి పేరు గాని ఉండదు. అందువలన కచ్చితమైన సంవత్సరం చెప్పడం అరుదు. "17-18 శతాబ్దాలు" వంటి కాలావధిని మాత్రమే సూచిస్తారు.

భాగాలను విడిగా చూడడం

టిబెట్‌లో ఖడ్గాలు తరతరాలుగా వాడుకలో ఉండేవి. పాత అలుగుకు కొత్త పిడి, కొత్త ఒర అమర్చుకొనేవారు. కొన్నింటిని ఆలయాలలోని ధర్మపాల దేవతల గదులలో కానుకలుగా ఉంచేవారు. కనుక అలుగు, పిడి, ఒర - ఈ మూడింటి వయస్సును విడివిడిగా నిర్ణయించాలి. ఒకదాని వయస్సును మొత్తం ఖడ్గానికి అంటగట్టడం ఈ విషయంలో తరచు జరిగే పొరపాటు.

అలుగు

సంప్రదాయ టిబెట్ ఖడ్గం అలుగు సాధారణంగా తిన్నగా, ఒకవైపే పదునుతో ఉంటుంది. గట్టి ఇనుమును, మెత్తని ఇనుమును పొరలుగా కలిపి సాగగొట్టడం వలన దానిపై ముదురు, లేత చారలు ఏర్పడతాయి. ఇవి పిడి నుండి మొన వరకు సాగి, అక్కడ జడపిన్ను వలె వంపు తిరిగి వెనుకకు వస్తాయి. ఇది టిబెట్ పనితనానికి మంచి గుర్తు. అయితే ఈ పద్ధతి చాలా కాలం కొనసాగినందున చారలను బట్టి మాత్రమే వయస్సు చెప్పలేము.

పిడి, ఒర

వెండి తొడుగులు, పగడాలు, ఫిరోజా రాళ్ళు పొదిగిన పిడులు, ఒరలు ఎక్కువగా కనిపిస్తాయి. పిడి ఆకారాన్ని, చెక్కడపు శైలిని కాలం తెలిసిన వస్తువులతో పోల్చి చూస్తారు. ఒరకు చుట్టిన గుడ్డలో కృత్రిమ రసాయన రంగు ఉంటే ఆ గుడ్డ 1856 తరువాతిదే అవుతుంది. ఎందుకనగా అటువంటి రంగును విలియం పెర్కిన్ కనుగొన్నది ఆ సంవత్సరంలోనే. కాని లోపలి అలుగు అంతకంటే ఎంతో పాతది కావచ్చు.

చేతులు మారిన చరిత్ర

1903-04లో యంగ్‌హస్బెండ్ నాయకత్వాన బ్రిటిషు సేన టిబెట్‌పై దండెత్తిన తరువాత అక్కడి ఆయుధాలు అనేకం బ్రిటన్ చేరాయి. ఒక ఖడ్గం ఆ దండయాత్రలో సేకరించినదని నమ్మదగిన పత్రం ఉంటే, అది 1904 తరువాత తయారైనది కాదని తెలుస్తుంది. 2006లో న్యూయార్కు లోని మెట్రోపాలిటన్ మ్యూజియం టిబెట్ ఆయుధాల ప్రదర్శన నిర్వహించింది. దానికై డొనాల్డ్ లారోకా చేసిన పరిశోధన ఇటువంటి పోలికలకు ముఖ్యమైన ఆధారం.

ప్రయోగశాల పరీక్షలు

ఒరలోని కొయ్యకు, తోలుకు కార్బన్-14 పరీక్ష చేయవచ్చు. అయితే అది చెట్టు పెరిగిన లేదా జంతువు జీవించిన కాలాన్ని తెలుపుతుంది గాని, ఒర తయారైన రోజును కాదు. పైగా సుమారు 1650 తరువాతి వస్తువులకు ఫలితం తరచు ఒకటి కంటే ఎక్కువ కాలావధులుగా వస్తుంది.

జాగ్రత్తలు

పాత ఖడ్గాన్ని తోమి మెరుగు పెట్టరాదు. తుప్పు, అరుగుదల, పిడి లోపల దాగిన అలుగు తోక కూడ సాక్ష్యాలే. ఒకసారి పోయిన సాక్ష్యం తిరిగి రాదు. భారతదేశంలో 1972 నాటి చట్టం ప్రకారం కనీసం నూరేళ్ళు గడచిన ఇటువంటి కళావస్తువు పురావస్తువు అవుతుంది. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. కావున వయస్సు అంచనాకు చట్టరీత్యా కూడ ప్రాధాన్యం ఉంది.

ఇవి కూడా చూడండి

- టిబెట్
- ఖడ్గం
- కార్బన్-14 కాల నిర్ణయం