ఘోషా నుంచి మాస్కు దాకా

విజయనగరంలో స్త్రీల ఆసుపత్రిని జనం ఘోషాసుపత్రి అంటూ వచ్చారు. ఘోషా అంటే పరదా. ఆడవాళ్ళ ముఖం ఎవరు చూడకూడదో అంతగా పట్టించుకున్న సమాజం, వాళ్ళు పీల్చే గాలి గురించి ఎంత పట్టించుకుంది?

మాస్కు చరిత్రలో వినిపించేవి డాక్టర్ల పేర్లే. 1910-11 మంచూరియా ప్లేగులో దూది, గాజుగుడ్డ మాస్కు కట్టించిన వూ లియెన్-తే గుర్తున్నాడు. 1918 ఇన్‌ఫ్లుయెంజా వార్డుల్లో గుడ్డ కట్టుకుని రోగుల పక్కన నిలబడిన నర్సులు పేర్లు లేని ఫోటోలుగా మిగిలారు.

2020ని ప్రపంచ ఆరోగ్యసంస్థ నర్సుల సంవత్సరమంది. ఆ ఏడాదే నెల్లిమర్ల మిమ్స్, శ్రీకాకుళం జెమ్స్ కోవిడ్ ఆసుపత్రులయ్యాయి. మాస్కు 'సరిగా వాడటం' నర్సు క్రమశిక్షణగా మారింది.

క్షయ వార్డులోనైనా కోవిడ్ వార్డులోనైనా ఆ పద్ధతి తెలియాల్సిందే. మామూలు సర్జికల్ మాస్కు రోగి తుంపరల్ని ఆపుతుంది గానీ, పక్కల సందుల్లోంచి గాలి వస్తుంది. ఎన్-95 ముఖానికి అతుక్కోవాలి. ఒక పట్టీ నడినెత్తిన, రెండోది చెవుల కింద మెడ వెనక. ముక్కు దగ్గర నొక్కి, ఊపిరి వదిలి, అంచుల్లో గాలి తగిలితే మళ్ళీ సర్దుకోవాలి. తీసేటప్పుడు ముందుభాగం ముట్టకుండా పట్టీలు పట్టుకుని తీసి, చేతులు కడుక్కోవాలి.

అయితే ముఖాలన్నీ ఒకటి కావు. 1970లలో ఇలాంటి మాస్కుల పరీక్షకు ప్రమాణమైనవి అమెరికా వైమానిక దళం వాళ్ళ ముఖాల కొలతలు. మన అమ్మాయిల చిన్న ముఖాలు ఆ లెక్కలో ఎక్కడున్నాయి? అతకని మాస్కు ఇచ్చి, సరిగా పెట్టుకోలేదని నర్సునే తప్పుపడితే ఎలా? తగిన సైజు, అమరిక పరీక్ష ఆమె ఉద్యోగ హక్కులు.