వట్టివేరు: కుండలోంచి గట్టు మీదికి

ఎండలు ముదిరితే మంచినీళ్ల కుండలో గుప్పెడు వట్టివేళ్లు వేయడం మనకు పాత అలవాటే. కాళిదాసు శాకుంతలం మూడో అంకంలో తాపంతో వేగిపోతున్న శకుంతలకు పూయడానికి తీసుకెళ్లేది ఈ వేళ్ల లేపనమే. జ్వరానికి ఆయుర్వేదం చెప్పే షడంగ పానీయంలోని ఆరు దినుసుల్లో ఇదొకటి. అక్బరు కాలానికి వేళ్లతో తడికలు అల్లి, నీళ్లు చల్లి గదులు చల్లబరిచేవారు. తరవాత దొరల బంగళాలకూ ఆ తడికలే దిక్కయ్యాయి. కనౌజులో రాగి పాత్రల్లో కాచి అత్తరు తీయడం నేటికీ సాగుతోంది.

ఇంత వైభవమూ తవ్వి తీసిన వేరుదే. పైనున్న గడ్డిని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇది జొన్నకూ చెరకుకూ చుట్టం. మన దేశపు మొక్క. నిలువెత్తు దుబ్బుగా పెరుగుతుంది. వేళ్లు పక్కలకు పాకవు. నిట్టనిలువుగా మూడు నాలుగు మీటర్లు దిగుతాయి. అందుకే ఎండకు ఎండదు, వరదకు కొట్టుకుపోదు. దక్షిణాది రకానికి మొలిచే గింజ దాదాపు పట్టదు కాబట్టి చేలో కలుపుగా మారదు. దుబ్బు చీల్చి పిలకలు నాటుకోవాల్సిందే.

ఈ గుణాలను కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు ఏనాడో గుర్తించి, పొలం హద్దుల్లో దీన్నే నాటుకున్నారు. 1950ల్లో ఫిజీ చెరకు తోటల్లో జాన్ గ్రీన్‌ఫీల్డ్ దీనితో నేలకోతను అరికట్టాడు. 1980ల్లో ఆయన, రిచర్డ్ గ్రిమ్‌షా కలిసి ప్రపంచ బ్యాంకు తరఫున మన దేశంలో ఈ పద్ధతిని ప్రచారం చేశారు. 1990ల్లో థాయ్‌లాండ్ రాజు భూమిబల్ తన దేశమంతటా నాటించాడు.

పద్ధతి తేలిక. తొలకరి పడగానే వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, జానెడు లోపు ఎడంతో పిలకలు నాటాలి. రెండు మూడేళ్లలో సందులేని కంచె అవుతుంది. వాననీరు దాన్ని తాకి నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని అక్కడే వదిలేస్తుంది. మట్టి పేరుకున్నకొద్దీ కణుపుల దగ్గర కొత్త వేళ్లు వేసి దుబ్బు పైకి లేస్తుంది. కొన్నేళ్లకు గట్టు దానంతటదే తయారవుతుంది.

వేళ్లలోని నూనె కోసమైతే ఏడాదిన్నరకు దుబ్బును తవ్వేస్తారు. వాలు నేలలో అలా తవ్వితే మట్టి వదులై మొదటి వానకే జారిపోతుంది. కాబట్టి కుండలోకి, అత్తరుకు కావలసినది చదును నేలలో విడిగా పెంచుకోండి. గట్టు మీది దుబ్బు జోలికి మాత్రం గునపంతో వెళ్లకండి.