మౌనం అర్ధాంగీకారమా? – పోలీసు విచారణలో నిర్దోషి మాట, చరిత్ర చెప్పే సంగతులు

మౌనం అర్ధాంగీకారం అని తెలుగులో ఒక సామెత. మా ఉర్దూలో అదే మాటను ‘ఖామోషీ నీమ్ రజా’ అంటారు. రెండింటికీ మాటకు మాట సరిపోతుంది. నిఖా వేళ పెళ్ళికూతురు సిగ్గుతో తల వంచుకుని ఊరుకుంటే ఆ మౌనాన్ని ఒప్పుదలగా తీసుకుంటారు. అక్కడ ఈ సామెతకు అర్థముంది. కాని పోలీసు ఠాణాలో కూడా ఇదే సామెతను పట్టుకుని వేలాడటం వల్ల చాలామంది అమాయకులు చిక్కుల్లో పడ్డారు. “తప్పు చేయనోడు నోరెందుకు మూసుకుంటడు? ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే అయిపోయె” అనే మాట సూర్యాపేట బజారులోనైనా, కోదాడ లారీల అడ్డా మీదనైనా, మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గరైనా ఒకే తీరుగా వినబడుతుంది. ఈ మాట ఎంతవరకు నిజమో చరిత్రను అడిగి తెలుసుకుందామనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు మన తోవ సంగతే చూద్దాం. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో మునగాల తగులుతుంది. ఇప్పుడు బస్సులో అటు పోయేవాళ్ళకు ఏ తేడా కనిపించదు గాని, ఆ రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నిజాం ఇలాకా. మునగాల పరగణా మాత్రం చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లాలో, నందిగామ తాలూకాలో ఉండేది. అంటే ఒకే బాట మీద రెండు సర్కార్లు, రెండు తీర్ల పోలీసు. ఇటు కచేరీలో ఉర్దూ భాష, అమీన్ సాబు, జవాన్లు. అటు మద్రాసు సర్కారు వారి ఇన్‌స్పెక్టర్లు, కానిస్టేబుళ్ళు. ఇక్బాల్, గవాహీ, పంచనామా, జామీను, ముచ్చలికా – ఈ మాటలు మన తెలుగు రైతుల నోళ్ళలో ఇప్పటికీ తిరుగుతున్నాయంటే కచేరీ మన బతుకుల్లోకి ఎంత లోతుగా వచ్చిందో తెలుస్తుంది. ఇక్బాల్ అంటే మా పిల్లలకు మహాకవి పేరు. అదే మాటకు కచేరీలో ‘నేరం ఒప్పుకోవడం’ అని అర్థం.

నేరం ఒప్పించడం మన దేశంలో ఎట్లా జరిగేదో మద్రాసు ప్రభుత్వమే ఒకసారి విచారణ చేయించింది. 1854లో ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో ఒక కమిషన్ వేశారు. వారి నివేదిక 1855లో వచ్చింది. పన్ను వసూలు చేసే తహసీల్దారు చేతిలోనే పోలీసు అధికారమూ ఉండటం వల్ల, శిస్తు కోసం కొట్టేదీ నేరం ఒప్పించేదీ ఆ ఒక్క చెయ్యే. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కడం, మెడను కాళ్ళను తాడుతో కట్టి వంగబెట్టి ఎండలో నిలబెట్టడం వంటివన్నీ అందులో నమోదైనాయి. బాధపడ్డ వారిలో తెలుగు జిల్లాల రైతులూ ఉన్నారు. చెప్పడానికి ఏమీ లేని నిర్దోషికే ఆ దెబ్బలు ఎక్కువసేపు పడతాయన్నది ఎవరైనా ఊహించుకోవచ్చు. దొంగ దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, చెప్పి తప్పించుకుంటాడు. ఏమీ తెలియనివాడు ఏం చెబుతాడు?

ఇట్లాంటి అనుభవాల తర్వాతనే 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోను, 1872 నాటి సాక్ష్య చట్టంలోను ఒక గట్టి నియమం పెట్టారు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. ఇంగ్లండులో కూడా ఇంత గట్టి నిషేధం లేదు. తమ దేశపు పోలీసును నమ్మినంతగా ఇక్కడి పోలీసును ఇంగ్లీషువారు నమ్మలేదని దీని అర్థం. ఆ చట్టం పోయి 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా, ఆ నియమం మాత్రం 23వ సెక్షనులో అట్లాగే ఉంది. జబర్దస్తీగా చేయించిన ఇక్రార్ చెల్లదని మన ఫిఖా పండితులలో ఎక్కువమంది అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే చెప్పి ఉన్నారు. ఆ మాట కూడా ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

ఇక మన నల్లగొండ జిల్లా సంగతి. 1946 నుంచి 1951 దాకా సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ వంటివి. కోదాడ అప్పుడు హుజూర్‌నగర్ తాలూకాలోది. 1948 సెప్టెంబరుకు ముందు రజాకార్లు, నిజాం పోలీసులు వచ్చి “దళం ఎక్కడుంది?” అని అడిగారు. సెప్టెంబరు తర్వాత యూనియన్ సైన్యం క్యాంపులు పెట్టి అదే ప్రశ్న అడిగింది. చెబితే రాత్రి ఒకరితో గండం, చెప్పకపోతే పగలు ఇంకొకరితో గండం. రైతుకు ఆనాడు మౌనం హక్కు కాదు, మాటా హక్కు కాదు. అదే సమయంలో మన కౌమ్ వారు కూడా రజాకార్లకు అన్నం పెట్టావా, ఆయుధం దాచావా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. రజాకార్ల మొహం చూడని ఇళ్ళవారు కూడా అందులో ఉన్నారు. ఆ కథలు మా ఇళ్ళలో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పేవారు.

సైనిక గవర్నరు జె.ఎన్. చౌదరి హయాంలో స్పెషల్ ట్రిబ్యునళ్ళు ఏర్పడ్డాయి. కమ్యూనిస్టులనూ, రజాకార్ల నాయకులనూ అట్లాంటి ట్రిబ్యునళ్ళ ముందే నిలబెట్టారు. కాసిం రజ్వీ మీద బీబీనగర్ దోపిడీ కేసు కూడా ఆ కోవలోదే. నల్లగొండ జిల్లా కేసుల్లో 1949 ఆగస్టులో కొందరు రైతు యువకులకు ఉరిశిక్షలు పడ్డాయి. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఖాయం చేసింది. మొత్తం 12 మంది మెడలకు ఉరి వేలాడుతుంటే ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పేరుమోసిన బారిస్టరు వచ్చి సుప్రీంకోర్టులో వారి తరఫున వాదించారు. తమకు వకీలును పెట్టుకునే అవకాశమే సరిగా దొరకలేదన్నది వారి ఫిర్యాదుల్లో ముఖ్యమైనది. ‘జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాదు స్టేట్’ అనే పేరుతో ఆ తీర్పు 1951లో వచ్చింది. రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది, మీ కేసు అంతకు ముందే ముగిసింది, కనుక వెనక్కి వర్తించదు – ఇదీ వారికి అడ్డం వచ్చిన ధర్మసూక్ష్మం. డిసెంబరుకూ జనవరి 26కూ మధ్య నెలన్నర తేడా. ఆ ఉరిశిక్షలు చివరకు యావజ్జీవ శిక్షలుగా మారాయనుకోండి, అది జనం పోరాటం వల్ల.

ఇంకొక కేసు కూడా చెప్పాలి. వరంగల్ సుబేదారుగా పనిచేసిన హబీబ్ మహమ్మద్ గారి మీద 1947 నాటి కాల్పుల విషయంలో హత్యానేరం మోపి మరణశిక్ష వేశారు. నేను నేరం చేయలేదని ఆయన మొత్తుకున్నారు. ఆ సమయంలో అక్కడే ఉన్న పోలీసు పెద్ద అధికారిని మాత్రం ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలవనే లేదు. 1953లో సుప్రీంకోర్టు ఈ లోపాన్ని ఎత్తిచూపి శిక్షను కొట్టివేసింది. ఒక సుబేదారంత మనిషి నోరు విప్పి చెప్పినా సుప్రీంకోర్టు దాకా పోతేనే మాట చెల్లింది. హమాలీ మాట, రిక్షావాడి మాట ఎంతవరకు చెల్లుతుంది?

రాజ్యాంగంలోని 20(3) అధికరణం మాటలు చిన్నవే. నేరారోపణ ఎదుర్కొంటున్న ఎవరినీ తన మీద తానే సాక్ష్యం చెప్పుకోమని బలవంతపెట్టరాదు. ఇది కోర్టు బోనుకు మాత్రమేనా, పోలీసు ఠాణాకు కూడానా అన్న ప్రశ్నను తేల్చిన కేసు ఒరిస్సాది. మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథిని 1977లో కటక్‌లో ఠాణాకు పిలిచి, రాసిపెట్టిన ప్రశ్నల చిట్టా ఇచ్చి జవాబులు చెప్పమన్నారు. ఆమె చెప్పనన్నారు. జవాబు చెప్పకపోవడమే నేరమని కేసు పెట్టారు. 1978 ఏప్రిల్ 7న జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ప్రకారం ఈ రక్షణ ఠాణాలోనే మొదలవుతుంది. లాఠీ ఒక్కటే బలవంతం కాదు. మనసును చితకగొట్టడం, గంటల తరబడి విసిగించి అడగడం, చుట్టూ భయపెట్టే వాతావరణం – ఇవీ బలవంతమే. వకీలు దగ్గరుండాలని కోరితే కాదనరాదు. ఆడవాళ్ళను ఠాణాకు పిలిపించడాన్ని కూడా ఆ తీర్పు గట్టిగా తప్పుపట్టింది.

చోద్యం చూడండి. ఆ తీర్పుకు వారం రోజుల ముందే, 1978 మార్చి ఆఖరులో, హైదరాబాదు నల్లకుంట ఠాణాలో జరిగిన దారుణానికి ఎదురుతిరిగిన ఒక రిక్షా కార్మికుడు పోలీసు దెబ్బలకు ప్రాణం పోగొట్టుకున్నాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరుకు బదిలీ అయి 1981లో వారంతా విడుదలయ్యారు. ఢిల్లీలో హక్కు పుట్టింది, నల్లకుంటకు మాత్రం చేరలేదు.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదు పేలుడులో 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. ఆ వెంటనే పదుల సంఖ్యలో మన యువకులను పట్టుకుపోయారు. మైనారిటీ కమిషన్ తరఫున అడ్వకేటు రవిచందర్ గారు విచారించి, అక్రమ నిర్బంధం, చిత్రహింసలు జరిగాయని నివేదిక ఇచ్చారు. ఆ యువకుల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలబడలేదు. తర్వాత దర్యాప్తు వేరే దారి పట్టింది. ఆ దారిలో పట్టుకున్నవారు కూడా 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా విడుదలయ్యారు. నిర్దోషులుగా తేలిన 20 మందికి 3 లక్షల చొప్పున, పట్టుకుని వదిలేసిన 50 మందికి 20 వేల చొప్పున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇస్తే, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కూడా కొట్టేసింది. ఈ గొడవ నడుస్తున్న కాలంలోనే, 2010 మే 5న, సెల్వి కేసులో సుప్రీంకోర్టు మనిషి ఇష్టం లేకుండా నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు చేయకూడదని తీర్పిచ్చింది. మత్తుసూది వేసి మాట రాబట్టడం కూడా బలవంతపు సాక్ష్యమేనని దాని సారం.

పోలీసుల పక్షం కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2015 ఏప్రిల్ మొదట్లో అర్ధరాత్రి మన సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న ఒక కానిస్టేబులును, ఒక హోంగార్డును కాల్చి చంపారు. వారికీ ఇళ్ళు, పిల్లలు ఉన్నారు. తనిఖీ లేకుండా, ప్రశ్న లేకుండా ఏ పోలీసూ పనిచేయలేడు. దారిలో ఆపి పేరు, ఊరు, ఎక్కడికి పోతున్నావు అని అడిగితే మూతి బిగించుకుని నిలబడటం తెలివి కాదు, హక్కూ కాదు. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం 20(3) కిందికి రాదని 1961లోనే కాఠీ కాలూ కేసులో 11 మంది జడ్జీలు తేల్చారు.

మరి ఎక్కడ ఆగాలి? ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షను ప్రకారం, కేసు సంగతి తెలిసిన మనిషి అడిగిన ప్రశ్నలకు నిజమే చెప్పాలి. అయితే ఏ జవాబు తనను నేరంలోకి లాగుతుందో ఆ జవాబు చెప్పనక్కరలేదు. చిక్కంతా ఇక్కడే. నిర్దోషికి ఏ జవాబు తనను లాగుతుందో ముందుగా తెలియదు!

ఒక ఉదాహరణ అనుకుందాం. మిర్యాలగూడ మిల్లులో రాత్రి బియ్యం బస్తాలు పోయాయి. హమాలీని పిలిచి అడిగారు. అతడు నిర్దోషి, కాబట్టి ధైర్యంగా “తొమ్మిదింటికే ఇంటికి పోయిన సార్, మళ్ళీ బయటికి రాలే” అన్నాడు. నిజానికి తొమ్మిదిన్నరకు బీడీల కోసం మూల మీది డబ్బా దాకా వచ్చాడు, ఆ సంగతి మర్చిపోయాడు. డబ్బా ఎదురుగా కెమెరా ఉంది. ఇప్పుడు అతడు అబద్ధాలకోరు. బీడీ కట్ట దొంగతనానికి సాక్ష్యమైపోయింది. “నాకు తెలియదు, గుర్తు చేసుకుని వకీలు సాబును పక్కన పెట్టుకుని చెబుత” అని ఉంటే ఈ ముడి పడేది కాదు. అందుకే నా అభిప్రాయంలో అనుమానితుడుగా పిలిచిన నిర్దోషి పేరు, ఇల్లు చెప్పి, సంఘటన గురించి మాత్రం వకీలు వచ్చేదాకా మర్యాదగా ఊరుకోవడమే మేలు. ఊరుకోవడం వేరు, అబద్ధమాడటం వేరు. అబద్ధానికి ఏ అధికరణమూ అండ లేదు. ఊరుకున్నందుకు కొడతారు కదా అంటారు. కొట్టవచ్చు. ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. కొట్టగా వచ్చిన మాట కోర్టులో నిలబడదు గాని, నవ్వుతూ టీ తాగుతూ మనమే చెప్పిన తప్పు వివరం దర్యాప్తుకు దారి చూపిస్తుంది.

మన పెద్దల అలవాటు ఒకటి ఉంది. పిల్లవాణ్ణి ఠాణాకు పిలిస్తే నలుగురు పోయి, అమీన్ సాబు రోజుల్లో లాగా, ఎవరికి తోచింది వారు చెప్పి బతిమాలుతారు. “వాడు ఆ రోజు మా ఇంట్లనే ఉండె” అని మామ అంటాడు, “కాదు, హైదరాబాదు పోయిండె” అని బాబాయి అంటాడు. ప్రేమతోనే అంటారు, పిల్లవాడి మెడకు చుట్టుకుంటుంది. పోవలసింది ఒక వకీలు, ఆయన వెంట ఒక పెద్దమనిషి. చాలు.

భాష సంగతి కూడా ఉపాధ్యాయుడిగా నేను చెప్పాలి. 1948 దాకా ఉర్దూ రాని తెలుగు రైతు, తనకు చదవరాని కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఇప్పుడు ఉర్దూ మీడియంలో చదివిన మన పిల్లవాడు దక్కనీలో చెబితే, రైటరు తెలుగులో రాసుకుంటాడు, కింద వీడు ఉర్దూలో దస్కత్ చేస్తాడు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని 181వ సెక్షను చెబుతోంది. ఫిర్యాదు మనదే అయితే రాసింది చదివి వినిపించమని అడగవచ్చు, వినిపించాలి కూడా. తెల్ల కాగితం మీద సంతకం ఏ కారణం చేతనూ చేయరాదు.

పిలుపు వస్తే రాతపూర్వక నోటీసు అడగాలి. ఆడవాళ్ళను, 15 ఏళ్ళ లోపు, 60 ఏళ్ళు దాటిన మగవాళ్ళను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారిని సాక్షులుగా విచారించాలంటే వారి ఇంటికే రావాలని 179వ సెక్షను. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. విచారణ సాగుతున్నప్పుడు వకీలును కలుసుకునే హక్కు 38వ సెక్షనులో ఉంది, అయితే మొదటి నుంచి చివరిదాకా కూర్చోనివ్వరు. ఖర్చుకు లేనివారు భయపడనవసరం లేదు. కస్టడీలో ఉన్న ఎవరికైనా 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. ఈ నంబరును తెలుగులోను ఉర్దూలోను రాసి మన సొసైటీ ఆఫీసు గోడ మీద, మూడు ఊళ్ళ మసీదుల నోటీసు బోర్డుల మీద పెట్టించవలసిందిగా కార్యవర్గ సభ్యులకు నా మనవి.