గట్టు మీద డబ్బా పెట్టేముందు

పొద్దున్నే పొలం పోయారు. గట్టు రాళ్ల సందులో మీది కాని డబ్బా ఒకటి ఉంది. మూత తీస్తారా, భయపడి వెనక్కి వస్తారా?

ఇలా డబ్బాలు దాచి వెతుక్కునే ఆట నిజంగానే ఉంది. పేరు లెటర్‌బాక్సింగ్. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బీళ్లలో జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరు కార్డు అందులో వేసి పోయేవారు. తర్వాత సీసా పోయి డబ్బా, రబ్బరు ముద్ర, నోటుబుక్కు వచ్చాయి. డబ్బాలు వేలకు చేరాయి.

ఆ బీడు చూడ్డానికి ఖాళీ, కానీ దిక్కులేనిది కాదు. చాలా భాగం డచీ ఆఫ్ కార్న్‌వాల్ ఆస్తి. రైతులు అక్కడ గొర్రెలు, పశువులు మేపుకుంటారు. అందుకే ఆటగాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు: రాతిగోడల్లో, పాత కట్టడాల్లో దాచొద్దు, భూమి గలవాళ్లను అడగాలి.

అడగకపోతే ఏమవుతుంది? 2011లో ఇంగ్లండ్‌లోనే వెదర్‌బీ ఊళ్లో ఇలాంటి ఆట డబ్బాను బాంబు అనుకుని పేల్చేశారు.

మనకు ఇది నవ్వులాట కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలి కనీసం 17 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. అది చూసిన ఊళ్లో ఎవరిదో తెలియని డబ్బాను ఎవరు ఆటవస్తువు అనుకుంటారు?

అందుకే ముందు అడగండి. మూసారాంబాగ్ దగ్గర రేమండ్ సమాధి అయితే వారసత్వ శాఖను. ఎల్బీనగర్ దాటాక హరిణ వనస్థలి అయితే అటవీ శాఖను. అపార్టుమెంటయితే అసోసియేషన్‌ను.

మరి పొలమైతే? పట్టాదారు ఎల్బీనగర్‌లో ఉంటాడు, దున్నేది ఊళ్లో కౌలురైతు. ఫోన్లో పట్టాదారు "సరే" అంటే సరిపోదు. చీకట్లో మోటారు వేయడానికి ఆ గట్టు మీద నడిచేది కౌలురైతే. మందు ఎప్పుడు కొట్టాడో, కరెంటు తీగ ఎక్కడ పోతుందో, పాము పుట్ట ఎక్కడుందో తెలిసింది ఆయనకే. ఇద్దర్నీ అడగాలి. డబ్బా మీద మీ పేరు, ఫోన్ నంబరు రాయాలి. వద్దన్న రోజు తీసేయాలి.

మర్యాదగా అడిగితే మన రైతు మామూలుగా కాదనడు. పైగా మజ్జిగ ఇచ్చి, ఏ రాయి కింద పెడితే వానకు తడవదో ఆయనే చూపిస్తాడు.