వియత్నాం వాళ్లు చైనా వాళ్లు కారు: 938 నాటి నది కథ

చాన్నాళ్లకి పెద్ద పోస్టు రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మేము మలేషియాలో సముద్రం ఒడ్డున జెట్టీ పనిలో ఉన్నాం. గ్యాంగులో మన సిక్కోలు వాళ్లతో పాటు వియత్నాం వాళ్లూ ఉన్నారు. మొదట్లో మేమంతా వాళ్లని "చైనా, ఇటు రా" అని పిలిచేవాళ్లం. ఒకరోజు వాళ్లలో పెద్దాయన స్పానర్ కింద పెట్టేసి, ఫోన్లో 938 అని అంకె కొట్టి చూపించాడు. ఏమీ అనలేదు. అదేంటో తెలుసుకునేసరికి మాకు సిగ్గేసింది.

క్రీస్తు పూర్వం 111 నుంచి ఆ దేశం చైనా చేతిలోనే ఉంది. మధ్యలో తిరుగుబాట్లు వచ్చాయి, నిలవలేదు. 907లో చైనాలో టాంగ్ వంశం పడిపోయి దేశం ముక్కలైంది. అందులో ఒక ముక్క దక్షిణ హాన్. వాళ్లని 931లో తరిమేసినవాడు జ్యోంగ్ దిన్ న్గే. 937లో ఆయన్ని సొంత మనిషే, కియూ కోంగ్ తియెన్ అనేవాడు, చంపేసి కుర్చీ ఎక్కాడు. ఆయన అల్లుడు న్గో క్వియెన్ సైన్యంతో బయల్దేరాడని తెలిసి, వీడు భయపడి దక్షిణ హాన్ రాజుని సాయం పిలిచాడు. ఇంటి గొడవలోకి పొరుగోణ్ణి పిలవడమంటే ఇదే కదా. తమాషా ఏంటంటే, ఆ పడవలు వచ్చేలోపే అల్లుడు వీడి పని పట్టేశాడు.

ఇక అసలు పని. బాక్ దాంగ్ నది సముద్రంలో కలిసే చోట న్గో క్వియెన్ పెద్ద పెద్ద దుంగలు చెక్కించి, మొనలకి ఇనుము తొడిగించి, నది అడుగున పాతించాడు. పోటు వస్తే అవి మునిగిపోతాయి, నీరు తీస్తే తేలతాయి. పైలింగ్ చేసే మాకు తెలుసు ఇదెంత కష్టమో. క్రేను, హామరు, సర్వే వాడు అన్నీ ఉండి కూడా బురదలో ఒక్క పైలు ఒరిగిందంటే మాకు ఆ రోజు పోయినట్టే. వాళ్లకి మనుషులూ చేతులే. టైడ్ టేబుల్ చూడకుండా మేము పని మొదలెట్టం. వాళ్లకి ఆ పట్టిక కూడా బుర్రలోనే ఉండేది.

పోటు మీద చైనా పెద్ద పడవలు వచ్చాయి. వీళ్ల చిన్న పడవలు ఎదురెళ్లి, ఓడిపోయినట్టు నటించి వెనక్కి పారిపోయాయి. వాళ్లు వెంటబడ్డారు. నీరు తీయడం మొదలవగానే వీళ్లు తిరగబడ్డారు. పెద్ద పడవలు దుంగల మీద గుచ్చుకున్నాయి. నాయకత్వం చేసిన రాజుగారి కొడుకు లియూ హోంగ్‌చావో అక్కడే చచ్చిపోయాడు. వెనక దన్నుగా వచ్చిన తండ్రి ఏడ్చుకుంటూ మిగిలిన సైన్యంతో వెళ్లిపోయాడు.

939లో న్గో క్వియెన్ రాజయ్యాడు. చైనా వాళ్లు ఏలిన ఊరు వద్దని, వాళ్లు రాకముందటి పాత రాజధాని కో లోవాలో కూర్చున్నాడు. మాకు యుద్ధం కంటే ఈ పని గొప్పగా తోచింది.

కానీ ఏలింది ఆరేళ్లే. 944లో పోయాడు. బావమరిది సింహాసనం లాక్కున్నాడు, 950లో కొడుకు తిరిగి తెచ్చుకున్నాడు, మేనమామని మాత్రం చంపలేదు. తర్వాత దేశం పన్నెండు మంది దొరల చేతిలో చీలింది. 968లో దిన్ బో లిన్ వచ్చి కలిపాడు. 1288లో మంగోలుల పడవల్ని కూడా అదే నదిలో అదే దుంగల ఉపాయంతో కొట్టారట.

ఈ నది హైఫాంగ్ దగ్గరే. అటువైపు పనికి వెళ్లిన మనోళ్లెవరైనా చూసుంటే ఫొటో పెట్టండి, పెద్దాయనకి చూపిస్తాం.