నీరటి తాత లేని థీసిస్



ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీహెచ్‌డీ చేయాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ మాట.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. "అంతకుముందు అక్కడేముంది, బండలే కదా" అంటారు. పక్కనే దుర్గం చెరువుంది! కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువు. 2020లో దానిమీద తీగల వంతెన వచ్చింది. ఇప్పుడందరూ అక్కడ సెల్ఫీలు దిగుతున్నరు.

తెలంగాణ పల్లెల్లో చెరువు కట్ట కాసి, తూము తీసి, మడిమడికీ నీళ్లు పారించింది నీరటోళ్లు. ఎక్కువమంది దళితులే. వాన నీళ్లు ఎటు పారతాయో, అలుగు ఎప్పుడు దుంకుతుందో వాళ్లకెరుక. ల్యాండ్‌స్కేప్ చదువులో ఇవాళ నేర్పే పాఠమూ అదే: నేలనూ నీటినీ చదవడం.

ఐటీ కారిడార్ మ్యాపు గీసేటప్పుడు పార్కులతో ఆగకండి. పూడిన కాలువలను వెతకండి. నీరటి తాతను కూలీగా కాదు, గురువుగా రాయండి.